చెన్నపురి చిన్న రేడియో కేంద్రము



నా బాల్యమున మాయూరి రచ్చబండకడ పంచాయతీవారి రేడియో యొకటి యుండెడిది. పొలమునుండి వచ్చినవారు కాళ్లైనను కడుగుకొనక దాని ముందు నిలిచి వార్తలు వినెడివారు. బ్యాటరీ తీఱిపోయిననాడు ఊరంతయు చిన్నబోయెడిది. క్రొత్త బ్యాటరీకి డబ్బెవరు పెట్టవలెనను మాటమీద పెద్దలలో పలుమాఱులు జగడము పుట్టెడిది. వినుట యందఱకును కావలెను. వెల యిచ్చుట యెవరిపని? ఇది మాయూరిలో పుట్టిన చిక్కు కాదు. ఇటీవలి సంవత్సరములలో మనదేశమున పెక్కు మీడియంవేవ్ ప్రసారయంత్రములను ఆపివేయుట చూచినపుడు, ఈ చిక్కు మొదట మనవారి కెట్లెదురయ్యెనో చెప్పవలెనని నాకు తోచినది.

1923వ సంవత్సరమున బొంబాయిలోను కలకత్తాలోను రేడియో క్లబ్బులు వెలసెను. మఱుచటియేడు చెన్నపురి వంతు వచ్చినది. నాడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలకును అదియే రాజధాని. సి. వి. కృష్ణస్వామి చెట్టిగారు ఇంగ్లండునుండి మరలివచ్చుచు, ఒక చిన్న ప్రసారయంత్రమునకు వలయు పరికరములను వెంట తెచ్చిరి. 1924 మే 16వ తేదీన మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడినది. జూలై 31వ తేదీన ప్రసారము మొదలయ్యెను. ఆ యంత్రపు శక్తి 40 వాట్లు. మన యిండ్లలో మొన్నమొన్నటిదాక వెలిగిన గాజుబుడ్డి దీపమునకు పట్టునంత శక్తి! దానితో ఒక నగరమునకు పాట వినిపింప బూనిరి. కొంతకాలమునకు 200 వాట్ల యంత్రమును సమకూర్చుకొనిరి.

ఆ ప్రసారము ఏ.ఎం. పద్ధతిది. శబ్దము హెచ్చిన తరంగపు టెత్తు హెచ్చును, తగ్గిన తగ్గును. ఇంతే దాని రహస్యము. కావుననే గ్రహించుట సులభము. స్ఫటికపు రాతిపై సన్నని తీగ మోపి, చెవులకు హెడ్‌ఫోనులు తగిలించుకొన్న చాలును, కరెంటు అక్కఱలేదు. కాని అది కేంద్రమునకు సమీపమున నున్నవారికే పనికివచ్చును. దూరపువారికి వాల్వుల సెట్టు కావలెను; కరెంటులేని చోట దానికి బ్యాటరీలు కావలెను; అవి తీఱినపుడెల్ల పట్టణమునకు మోసికొనిపోయి ఎక్కించి తేవలెను. ఇంత చేసియు, ఉఱుములకాలము వచ్చెనా, పెట్టెలో గరగర తప్పదు. మెఱుపును తరంగమును పుట్టించునదే. పాట యేదో పిడుగేదో పెట్టెకు తెలియదు.

కేంద్రము నడుపువారి బాధ వేఱు. ఈ పద్ధతిలో మాట్లాడువాడు ఊపిరి పీల్చుకొనుటకు ఆగినను వాహకతరంగ మాగదు. మౌనమునకును విద్యుత్తు వెల చెల్లింపవలెను. వాల్వులు కాలిపోవును, క్రొత్తవి సీమనుండి రావలెను. ఇన్నిటికి రాబడి యెక్కడిది? సభ్యుల చందాలే. చందా కట్టని పొరుగువాడును అదే పాట వినును. నాటకశాలకు తలుపున్నది, టిక్కెట్టు లేనివానిని వాకిటనే ఆపవచ్చును. ఆకాశమునకు తలుపేది? మూడేండ్లు తంటాలుపడి, 1927 అక్టోబరులో ధనాభావమున క్లబ్బు ప్రసారములను మానెను.

చిన్నవారు గనుక చితికిరందురేమో. పెద్దవారి సంగతియు వినుడు. అదే సంవత్సరమున ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ బొంబాయిలో జూలై 23న, కలకత్తాలో ఆగస్టు 26న కేంద్రములు తెఱచినది. 15 లక్షల మూలధన మనుకొనిరి. వాటాలు పోయినది 6 లక్షలకే. అందులో నాలుగున్నర లక్షలు ఆ రెండు కేంద్రముల నిర్మాణమునకే చెల్లెను. లైసెన్సు రుసుము ఏడాదికి 10 రూపాయలు. అందు 8 కంపెనీకి దక్కును. 1929 చివరకు దేశమంతటను లైసెన్సులు 8 వేలకైనను చేరలేదు. లెక్కవేయుడు: ఏడాదికి 64 వేలు మించదు. దిగుమతియగు పరికరములపై వ్యాపారులు పదియవవంతు ఇయ్యవలెనను ఏర్పాటున్నను అది సరిగా వసూలు కాలేదు. లైసెన్సు లేక వినువారిని పట్టుకొనుట మఱియు కష్టము. 1930 మార్చి 1న ఆ కంపెనీయు దివాలా తీసెను. ఏప్రిల్ 1న ప్రభుత్వము దానిని చేపట్టి, మఱుసటియేడు అక్టోబరులో తానును మూసివేయ నిశ్చయించుకొన్నది. జనులు గోలచేసిరి. చివరకు 1932 మేలో కేంద్రములను నిలుపుటకు సమ్మతించిరి. రేడియో సామగ్రిపై దిగుమతి సుంకమును నూటికి 50 చేసి ఖర్చు రాబట్టుకొనిరి. వినువాడు పాటకు వెల యీయకున్న, పెట్టె కొన్ననాడే వసూలుచేసిరన్న మాట.

చెన్నపురి మాత్రము వేఱొక త్రోవ తొక్కినది. క్లబ్బువారు తమ యంత్రమును తుక్కుక్రింద అమ్ముకొనక నగర కార్పొరేషనునకు ఇచ్చివేసిరి. 1930 ఏప్రిల్ 1వ తేదీన, అనగా బొంబాయి కలకత్తాలు ప్రభుత్వము చేతబడిన నాడే, కార్పొరేషనువారు ప్రసారము తిరిగి మొదలిడిరి. సాయంకాలము రెండుగంటలు సంగీతాదులు. బడిదినములలో పట్టణపు పాఠశాలల పిల్లలకు సంగీతపాఠములు, కథలు. మెరీనా తీరమునను పార్కులలోను లౌడుస్పీకర్లు నాటిరి. సెట్టు కొనలేనివాడు ఇసుకలో కూర్చుండి విద్వాంసుల పాట వినెను. వీధిదీపమునకును కుళాయికిని దారిన పోవువానిని చందా యడుగరు గదా! పాటయు నట్టిదే యని ఆ పురపాలకులు తలంచిరి. బడిపంతులుగా బ్రతికినవాడను గనుక, పిల్లల కథలకు వారు విడిచిన ఆ కొద్దిపాటి సమయమును మిగిలినవాటికంటె ఘనముగా నెంచుకొందును.

ఎనిమిదేండ్లు అది ఈ తీరుగ నడిచెను. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో చెన్నపురి కేంద్రము తెఱవబడగా కార్పొరేషనువారు తమ ప్రసారమును చాలించిరి. రెండునాళ్లకు, జూన్ 18న, గిడుగు రామమూర్తిగారు సజీవమైన తెలుగును గూర్చి అందు ప్రసంగించిరి. గ్రాంథికము విడువని నా బోటివానికి అది చుఱుకైన విషయమే. ఐనను ఆ వాయుపథమున తెలుగునకు తొలుత బాటవేసినవారిలో ఆయన యొకరని యొప్పుకొనక తప్పదు.

క్రొత్త కేంద్రమునకు దూరదేశములకు వినిపించుటకై 10 కిలోవాట్ల షార్టువేవ్ యంత్ర ముండెను. నగరవాసులకొఱకు పెట్టిన మీడియంవేవ్ యంత్రపు శక్తి 250 వాట్లు. క్లబ్బువారు చందాలతో పోషింపలేకపోయిన యంత్రముకంటె 50 వాట్లు మాత్రమే యెక్కువ.