పరిశోధన యంత్రములకు కళ్ళెము – ఎపిక్స్

కణత్వరణ యంత్రము పనిచేయుచున్నంతసేపు దాని సొరంగములోనికి ఎవరును పోరాదు. లోపలి వికిరణము ప్రాణాపాయకరము. అమెరికాలో షికాగో నగర సమీపముననున్న ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో ఎలక్ట్రానులు పరుగెత్తు వలయము చుట్టుకొలత 1,104 మీటర్లు. దాని పొడవునా అయస్కాంతములు, శూన్యపు పంపులు, ఉష్ణమాపకములు మొదలగునవి వేలకొలది యున్నవి. వీటినన్నిటిని వేరొక గదిలో కూర్చుండి నడుపవలెను. ఆ పని కంప్యూటర్లు చేయును. వాటికి ఆ పని నేర్పు ప్రోగ్రాముల కథయే ఇది.

పూర్వము సాధారణముగా ప్రతి ప్రయోగశాలయు తన యంత్రమునకు తానే ప్రోగ్రాములు వ్రాసికొనెడిది. ఒకచోట విప్పిన చిక్కునే మరియొకచోట మరల మొదటినుండి విప్పుచుండిరి. 1988లో లాస్ ఆలమోస్ ప్రయోగశాలయందు బాబ్ డలేసియో, జెఫ్ హిల్ మున్నగువారు ‘గ్రౌండ్ టెస్ట్ యాక్సిలరేటరు’ అను యంత్రమునకై ఒక నియంత్రణ విధానమును రూపొందించిరి. శత్రు క్షిపణులను ఎదుర్కొనుటకు కణపుంజము పనికివచ్చునా అని పరీక్షించుటకు తలపెట్టిన యంత్రమది. ఆర్గాన్ వారు కట్టదలచినది ఎక్స్-కిరణములనిచ్చు వలయము. ప్రయోజనములు వేరైనను చిక్కులు ఒక్కటే. 1989లో ఆర్గాన్ నుండి మార్టీ క్రేమర్ వచ్చి, ఆరునెలలు లాస్ ఆలమోస్ వారితో కలిసి పనిచేసెను. ఇరుగుపొరుగు ప్రయోగశాలల నడుమ పోటీయే సహజము. ఒకరు వ్రాసినదానిని మరియొకరు నమ్మి వాడుట అంత సులభము కాదు. 1991లో జపానులోని త్సుకుబాలో జరిగిన అంతర్జాతీయ సమావేశమున ఈ విధానము ‘ఎపిక్స్’ అను పేరుతో పరిచయమైనది. ఆంగ్లమున ఆ మాటకు ఇతిహాసములని అర్థము. ఇక్కడ మాత్రము అది ఒక పొడవైన పేరులోని తొలి అక్షరముల కూర్పు.

ఇది పనిచేయు తీరు తరగతిలో హాజరు వేయుటను పోలియుండును. యంత్రములోని ప్రతి కొలతకును, ప్రతి మీటకును ఒక పేరుండును. ఆ పేరు వేరొకదానికి ఉండరాదు. నియంత్రణ గదిలోని కంప్యూటరు ఒక పేరు పిలుచును. ఆ పేరుగల కొలత ఏ చిన్న కంప్యూటరు అధీనముననున్నదో అది మాత్రమే పలుకును. అది ఏ మూలనున్నదో పిలిచినవారికి ముందుగా తెలియనక్కరలేదు. ఒకసారి పరిచయమైన పిమ్మట మాటిమాటికి అడుగవలసిన పనియు లేదు. విలువ మారినప్పుడు అదియే కబురంపును. క్రొత్త పంపును చేర్చవలెనన్న తరచుగా పట్టికలో గడులు నింపినట్లు వివరములు పూరించిన చాలును. అందుచే ప్రోగ్రాములు వ్రాయుటయందు ఆరితేరని భౌతికశాస్త్రజ్ఞుడు సైతము దీనిని వాడగలడు.

అయినను తొలుత ఇది అందరి సొత్తు కాదు. సహకరించు ప్రయోగశాలలకు ఉచితమే గాని, అందుకు న్యాయసమ్మతమైన ఒప్పందము వ్రాసికొనవలసియుండెను. 2004 ఫిబ్రవరిలో ఆ నిర్బంధము తొలగి, ఎవరైనను తీసికొని, మార్చుకొని, పంచుకొనుటకు అనుమతి లభించినది.

ఎవరికై పుట్టెనో ఆ లాస్ ఆలమోస్ యంత్రము 1990 దశకములోనే మూతపడినది. దాని ప్రోగ్రాము మాత్రము జపానులోని కే.ఇ.కె., బ్రిటనులోని డైమండ్, గురుత్వ తరంగములను పట్టిన లైగో, ఫ్రాన్సులో నిర్మాణమగుచున్న ఐటర్ కేంద్రములకు చేరినది. మన దేశమున కోల్‌కతాలోని సైక్లోట్రాన్ కేంద్రమునందు కూడ దీనిని వాడిరి.