బురద ఖర్చు

మొన్న ఆదివారం హోసూరులో మా ఇంట్లో పిల్లలు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడుతూ తగవు పడ్డారు. మా అబ్బాయి వీరుడు కత్తి పట్టుకుని శత్రువు మీదికి బయలుదేరాక, దారంతా బురద అన్నాడు ఆట నడిపే కుర్రాడు. బురదలో ఒక అడుగుకు రెండడుగుల ఖర్చు. ముప్పై అడుగులు పోగలవాడు పదిహేను దగ్గరే ఆగిపోయాడు. దూరం నుంచి బాణాలు వేసేవాడికి మాత్రం చిల్లిగవ్వ నష్టం లేదు. “ఇది అన్యాయం నాన్నా!” అన్నాడు మావాడు.

లెక్కల మనిషిని కదా, ఈ ఖర్చు పుట్టుపూర్వోత్తరాలు చూశాను.

చదరంగంలో నేలంతా ఒక్కటే. 1780లో జర్మనీలోని బ్రన్స్‌విక్‌లో హెల్విగ్ అనే ఆయన తన యుద్ధక్రీడలో గళ్లకు రంగులు వేసి కొండలు, నీళ్లు, బురద చూపించాడు. 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్‌విట్స్ గళ్లు వదిలేసి, భూమి పటాల మీదే ఆడించాడు. సేనల నడకకు కొలతలు రాశాడు, ఇరుపక్షాల నడుమ మధ్యవర్తిని నిలబెట్టాడు. ఏ సేనానికి ఏది కనిపిస్తుందో అదే ఆయనకు చెప్పడం మధ్యవర్తి పని. 1876లో వెర్దీ దు వెర్న్వా నియమాల బరువు దించి, తీర్పును మధ్యవర్తి అనుభవానికే వదిలాడు. 1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్‌లు తెచ్చిన ఈ పిల్లల ఆటలోనూ అలాంటి మధ్యవర్తే ఉన్నాడు.

కాబట్టి నేల ఎగుడుదిగుడుగా ఉండడం అన్యాయం కాదు. అసలు యుద్ధంలో నేల ఎవరికీ సమంగా ఉండదు గనకనే ఆ అధికారులు అలా ఆడారు. మన పులి-మేక ఆటలో మూడు పులులకు పదిహేను మేకలు. బలాలు సమం కావు, అయినా తగవు రాదు. ఎవరి నడక ఏమిటో ముందే తెలుసు.

ఇరవై ఏళ్ల కిందట ఒక రైతు అప్పు పత్రం మీద సంతకం పెట్టాక, ఇంకో రుసుం ఉందని చెప్పాను. నిబంధన ప్రకారం నాది తప్పు కాదు. అయినా ఆయన మాట్లాడకుండా నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

పిల్లలతో ఒకటే అన్నాను: “ఆకు కప్పిన గొయ్యి దాచండి, అది ఆటే. వీరుడి కంటికి కనబడే బురదను మాత్రం అడుగు వేయకముందే చెప్పాలి.”

ఆ కుర్రాడు కాసేపు ఆలోచించి, మావాడి బొమ్మను వెనక్కి జరిపాడు.