గురుడి నడక.. గోదారి పండుగ

మణుగూరు పక్కన పారే గోదావరికి పుష్కరాలు వచ్చాయంటే, ఆకాశంలో గురుడు సింహరాశిలో అడుగు పెట్టాడన్నమాట. సూర్యుణ్ని ఒకసారి చుట్టి రావడానికి ఆయనకు సుమారు 12 ఏళ్లు పడుతుంది. ఏడాదికో రాశి, రాశికో నది. క్రితంసారి గోదావరి వంతు 2015 జులై 14న వచ్చింది. సరిగ్గా రెండు వారాల ముందు, జూన్ 30 సాయంత్రం, పడమటి దిక్కున శుక్రుడు, గురుడు పక్కపక్కనే నిలిచారు. ఇద్దరి మధ్య ఎడం చందమామ వెడల్పు కన్నా తక్కువే.

ఆ కలయిక మన చూపు వరకే. ఆ రోజు శుక్రుడు భూమికి దాదాపు 8 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటే, గురుడు 90 కోట్ల కిలోమీటర్లకు పైనే ఉన్నాడు. గ్రహాలన్నీ సూర్యుడి చుట్టూ ఇంచుమించు ఒకే తలంలో తిరుగుతాయి. అందుకే ఆకాశంలో ఒకే బాట పట్టినట్టు కనిపిస్తాయి. ఆ బాటలో ఒకటి మరొకదాన్ని దాటిపోయే సమయమే గ్రహయుతి.

గురుడు రాశికి ఏడాది ఉంటే, శని రెండున్నరేళ్లు ఉంటాడు. అందుకే ఇద్దరూ సుమారు 20 ఏళ్లకోసారి కలుస్తారు. అరవై ఏళ్లలో గురుడు అయిదు చుట్లు, శని రెండు చుట్లు పూర్తిచేస్తారు. ప్రభవ నుంచి అక్షయ దాకా మన అరవై సంవత్సరాల చక్రం గురుడి నడకను బట్టి వచ్చిందే. షష్టిపూర్తి నాటికి ఈ ఇద్దరూ మనం పుట్టినప్పుడు ఉన్న చోటికి దాదాపుగా తిరిగి వస్తారు.

ఇంత చక్కని లెక్క చేతిలో ఉన్నా ఒకసారి భయమే గెలిచింది. 1962 ఫిబ్రవరి మొదటివారంలో మకరరాశిలో అష్టగ్రహకూటమి ఏర్పడింది. ప్రళయం వస్తుందని దేశమంతా వణికింది, ఊరూరా హోమాలు జరిగాయి. కూడిన గ్రహాలు సూర్యకాంతిలో మునిగిపోవడంతో ఆ కూటమి మన దేశంలో ఎవరి కంటికీ కనిపించలేదు. ప్రళయమూ రాలేదు. మళ్లీ అదే మకరంలో 2020 డిసెంబరు 21న గురుడు, శని చందమామ వెడల్పులో అయిదో వంతు ఎడానికి చేరారు. 1623 తర్వాత అంత దగ్గరగా రావడం అదే మొదలు. ఈసారి జనం భయపడలేదు, మేడలెక్కి చూశారు.

చూసి తెలుసుకునే ఈ అలవాటు తెలుగునేలకు కొత్తేమీ కాదు. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు 19వ శతాబ్దంలోనే సొంతంగా వేధశాల కట్టించారు. 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు చిన్న నల్లచుక్కలా దాటిపోతుంటే, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అక్కడి నుంచే పరిశీలించి వివరాలు నమోదు చేశారు. లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనకు ఫెలోగా చోటిచ్చింది.

మణుగూరు వాసులకు ఆకాశం చూడటానికి గోదావరి గట్టే మంచి చోటు. ఊరివైపు సింగరేణి ఓపెన్‌కాస్టుల దీపాలు, భద్రాద్రి థర్మల్ కేంద్రం వెలుగు పడమటి చుక్కల్ని మసకబారుస్తాయి. తూర్పున మాత్రం నది, దాని అవతల దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి. వేగుచుక్క పొడిచేదీ ఆ వైపే. మామూలు బైనాక్యులర్స్‌ను కదలకుండా పట్టుకుంటే గురుడి పక్కన సన్నటి చుక్కల్లా ఆయన ఉపగ్రహాలు కనిపిస్తాయి. గెలీలియో 1610లో చూసింది వాటినే.

2027లో గోదావరికి మళ్లీ పుష్కరాలు వస్తున్నాయి. స్నానానికి పిల్లల్ని తీసుకెళ్లే పెద్దలు, ఈ పండుగకు ముహూర్తం పెట్టిన గురుణ్ని కూడా వాళ్లకు చూపించాలి. గురుడు, శని మళ్లీ కలిసేది 2040 అక్టోబరు చివర, తెల్లవారుజామున, తూర్పు దిక్కున. ఇప్పుడు బడికెళ్తున్న పిల్లలకు అప్పుడు గట్టు మీద నిలబడి ఎక్కడ చూడాలో ఎవరూ చెప్పనక్కర్లేకుండా ఇప్పుడే నేర్పుదాం.