దత్తమండలముల భూదృశ్యచిత్రములు: ఋతువుల విచారము

ఆరుబయట నిలిచి, ఎదుటనున్న కొండను, ఏటిని, చేనును వాని కొఱకే చిత్రించుట మన సీమలో ప్రాచీనమైన యాచారము కాదు. 16వ శతాబ్దినాటి లేపాక్షి కుడ్యచిత్రములలో దేవతలు, రాజపురుషులు, భక్తులు కలరు. వారి కుళ్లాయిలు, చీరల యంచులు సైతము శ్రద్ధతో దిద్దబడినవి. వారు నిలిచిన నేల మాత్రము లేదు. నేలకు మాఱుగ ఎఱ్ఱని పూత యున్నది. ఆ పూతనుబట్టి అది చైత్రమో, కార్తికమో చెప్ప శక్యము కాదు.

కవులు దీనికి భిన్నులు. అష్టాదశవర్ణనలలో ఋతువర్ణన మొకటి యగుటచే ప్రబంధకవి ఋతువును విడువజాలడు. విధికై చేసిన వర్ణనలు పెక్కు కలవు. వానిని గూర్చి ఇచట చెప్పవలసినది లేదు. కాని ఆముక్తమాల్యదలోని గ్రీష్మ వర్ష శరదృతువర్ణనలు చదివినవారికి, ఈ కవి వానలో గ్రామమును, గడ్డివామిని, తడిసిన కట్టెలను కంటితో చూచినవాడని తోపకమానదు. ఆ సభలోని అల్లసాని పెద్దనకు అగ్రహారమైన కోకటము కడపమండలమందలిదే. అనగా ఈ భూమికి ఋతువులు మాటలలో నుండెను, రంగులలో లేకుండెను. రంగులలో, లేక కనీసము సీసపుగడ్డి గీతలలో, ఈ భూమిని మొదట దించినవారెవరు? వారు దించినది సంవత్సరములో ఏ భాగము? ఈ వ్యాసమున విచారింపబూనినది ఈ రెండవ ప్రశ్నను.

ఆంధ్రదేశమున చిత్రకారుడు రంగులపెట్టెతో ఏటియొడ్డునకు పోవుట యనగానే రాజమహేంద్రవరము జ్ఞప్తికి వచ్చును. అచటి కళాశాలాధ్యక్షుడు ఆస్వాల్డు కూల్డ్రే, ఆయన ప్రోత్సాహమున పైకి వచ్చిన దామెర్ల రామారావు (1897–1925) గోదావరీతీరమును చిత్రకళకు తెచ్చిరి. కర్నూలు, కడపలకు అట్టి భాగ్యము పట్టలేదు. థామసు, విలియము డేనియల్లు 1792లో మద్రాసు విడిచి దక్షిణయాత్ర చేసినపుడు వారి దారి బెంగుళూరు మీదుగ పోయెనే కాని పెన్న వైపు రాలేదు. ఈ సీమను ఆరుబయట కూర్చుండి గీసినవారు చిత్రకారులు కారు, భూమాపకులు. కావున వారి చిత్రములను చిత్రములుగ మాత్రమే చూచిన పొరపడుదుము.

1800వ సంవత్సరమున నిజాము కుంఫిణీకి ఒసగిన జిల్లాలకు దత్తమండలములని పేరు వచ్చినది. కడప, బళ్లారి, నేటి అనంతపురపు భాగములు, కోయిలకుంట్ల, పత్తికొండ మున్నగు తాలూకాలు అందులోనివి. కర్నూలు పట్టణము మాత్రము 1839 వఱకు నవాబు చేతిలోనే యుండెను. కలెక్టరు థామసు మన్రో తొలి సంవత్సరములను చాలవఱకు గుడారములలోనే గడపి శిస్తునిర్ణయమునకై పొలములు కొలిపించెను. ఇదే మన్రో గవర్నరై, పదవీవిరమణకు ముందు ఈ సీమను మరల చూడవచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో విషూచితో మరణించెను. మన్రో కొలత రూపాయల కొలత. కాలిన్ మెకంజీ 1809 ప్రాంతమున ఆరంభించిన సర్వే అట్టిది కాదు. అందు పటములతోపాటు శాసనములు, నాణెములు, చిత్రములు, గ్రామచరిత్రలు సేకరింపబడెను. 1828లో విల్సను ప్రకటించిన పట్టికనుబట్టి మెకంజీ సేకరణములో శాసనములు 8,076, స్థానికచరిత్రలు 2,070, చిత్రములు 2,630. ఇవి దత్తమండలములవి మాత్రమే కావు. మైసూరు మొదలు జావావఱకు గల సమస్తము.

మెకంజీ ఈ ప్రాంతమునకు క్రొత్తవాడు కాడు. 1794 మార్చిలో ఆయన నల్లమల నెక్కి శ్రీశైలమును దర్శించెను. ఆ వృత్తాంతము 1798లో ఏషియాటిక్ రిసెర్చెస్ అయిదవ సంపుటమున వెలువడెను. గర్భాలయములోనికి ప్రవేశము లేనందున, అర్చకులు అద్దముతో సూర్యకాంతిని లోనికి ప్రతిఫలింపజేసి లింగమును చూపిరట. ప్రాకారకుడ్యములపై చెక్కిన ఏనుగులను, గుఱ్ఱములను, వేటలను ఆయన శ్రద్ధతో వర్ణించెను. మార్చి యనగా ఫాల్గునము. నల్లమలలో ఆ మాసమున యేపి, మద్ది మొదలగు చెట్లు ఆకు రాల్చుచుండును. మోదుగ మాత్రము ఆకులేని కొమ్మలపై ఎఱ్ఱగ పూచును. ఆ మాసమున అడవిలో నడచినవానికి ఇది యెండిన కొండ. భాద్రపదమున నడచినవానికి దారియే కనరాని పచ్చదనము. ఒకే కొండకు ఇవి రెండును నిజములే. ఆయన కంటబడినది మొదటిది.

ఇది యాదృచ్ఛికమా? కాదని నా యభిప్రాయము. ఈ సీమలో భూమాపకుని పనికి సంవత్సరము పొడుగునను అవకాశము లేదు. ఒక కొండకొమ్మున జెండా నాటి, మఱియొక కొండనుండి థియొడలైటుతో దానిని చూచి కోణమును కొలువవలెను. రోహిణికార్తెలో ప్రొద్దెక్కిన పిదప బండలనుండి లేచు వేడిగాలిలో ఆ జెండా నీటిలోని నీడవలె ఊగిసలాడును. ధూళిచే దూరపు కొండలు మాసిపోవును. వానలు పడినచో గాలి కడిగినట్లగును, నిజమే. కాని అపుడు నేల అడ్డుపడును. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కోయిలకుంట్ల, నంద్యాల ప్రాంతములది నల్లరేగడి. పుబ్బ, ఉత్తరకార్తెలలో పదును తగిలిన రేగడిలో బండిచక్రము ఇరుసువఱకు దిగును. ఎద్దు గిట్ట పైకి రాదు. రైతు విత్తునకు ఎదురుచూచు ఆ దినములే సామానుబండ్లతో తిరుగువానికి చెఱసాల. వానలు వెనుకబడిన తరువాత నల్లమల మన్యపుజ్వరమునకు ఆటపట్టు. అడవి అంచున నివసించువారే ఆ నెలలలో లోనికి పోవ వెఱచుచుండిరి.

కావున మిగిలినది పుష్యమునుండి ఫాల్గునమువఱకు గల కాలము, ఇంచుమించు మూడు మాసములు. వానకాలమున కచ్చేరీలో కూర్చుండి పటములు శుభ్రప్రతి వ్రాయుట తరువాతి కాలమున సర్వేశాఖలో స్థిరమైన పద్ధతి. ఆ మూడు మాసములలో ఈ నేల ఎట్లుండును? రేగడిచేలలో జొన్న మంచుతో పెరిగి కోతకు వచ్చును. కోసినవెంటనే నేల నల్లగ బయటపడి నెఱ్ఱెలు విచ్చును. చెఱువులలో నీరు సగమునకు దిగును. పెన్న యిసుకలోనికి పోయి, గండికోట క్రింది లోయలో మడుగులుగ మాత్రమే నిలుచును. కడప, సిద్ధవటము వైపు పాలకొండలలో ఎఱ్ఱచందనము ఆకు రాల్చును. కోటల రూపురేఖలు, బండల పగుళ్లు, గోపురముల అంతస్తులు చక్కగ కనబడు కాలమిదే. కోటను గీయుటకు వచ్చినవానికి చెట్లకు ఆకు లేకుండుట మేలు. మన సీమకు ‘బండలు, కోటలు, మోడులు’ అను రూపము స్థిరపడుటలో ఈ పనివేళకు గల పాత్రను మనము ఇంతవఱకు తగినంతగ గుర్తింపలేదు.

1652 సెప్టెంబరులో ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే మీర్‌జుమ్లాను చూచుటకు గండికోటకు వచ్చెను. వానకాలమున ఈ పొలములమీదుగ వచ్చిన ఆ వర్తకునికి చిత్రవిద్య వచ్చియుండినచో మనకు వేఱొక గండికోట దక్కియుండెడిది!

చిత్రములో లేని ఋతువులను వెదకవలసిన చోటు మఱియొకటి కలదు. అది కైఫీయత్తు. ఏలూరివారైన కావలి సోదరులు బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి మెకంజీకి కుడిభుజములు. బొఱ్ఱయ్య 1803లోనే గతించెను. లక్ష్మయ్య తరువాత ఆ పని నడపెను. మెకంజీ 1811లో జావాకు పోయినను సేకరణ ఆగలేదు. ఉద్యోగులు ఊరూర కరణములచే దండకవిలెలు విప్పించి, పెద్దలను అడిగి, తెలుగులో వ్రాసికొనిరి. ఊరు ఎవరు కట్టించిరి, పొలిమేర ఏ గుట్టనుండి ఏ వాగువఱకు, చెఱువు ఎవరు త్రవ్వించిరి, ఎపుడు గండి పడెను, ఏ కలాపములో ఊరు పాడయ్యెను, మరల ఎవరు కౌలిచ్చి కాపులను రప్పించిరి? ఇవి కైఫీయత్తు అడుగు ప్రశ్నలు. చిత్రకారుడు కొండను చూచెను. కరణము కొండనుండి దిగు నీటిని లెక్కించెను. 1816లో థామసు హికీ వ్రాసిన మెకంజీ చిత్తరువులో ఆయన వెంట ముగ్గురు దేశీయులు నిలిచియున్నారు. వెనుక దూరమున గొమ్మటేశ్వరవిగ్రహము. పటము మధ్యనున్నది ఎఱ్ఱకోటు దొర. ఆ సేకరణలోని తెలుగు వాక్యములు మాత్రము ప్రక్కన నిలిచినవారివి.

నీటినిబట్టి భూమిని వర్ణించు ఈ పద్ధతి కరణములు కనిపెట్టినది కాదు. కడపమండలమందలి పోరుమామిళ్ల చెఱువుకట్టపై 1369 నాటి సంస్కృతశాసనము కలదు. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, నామాంతరమున భవదూరుడు, ఆ చెఱువును కట్టించెను. రెండు సంవత్సరములు దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు పనిచేసిన వని అందున్నది. అంతకంటె విశేషము, మంచి చెఱువునకు పండ్రెండు అంగములు, ఆఱు దోషములు ఆ శాసనమున లెక్కింపబడుట. నేల గట్టితనము, కొండల నడుమ ఏటి రాక, కట్ట దృఢత్వము, త్రవ్వకమునకు వలయు లోతు, క్రింద ఫలించు భూమి మున్నగునవి అందు చేరును. ఒక చోటును ఏడాది పొడుగున చూచినవాడు తప్ప వేఱొకడు ఈ పట్టికను వ్రాయజాలడు. వాన వచ్చునపుడు నీరు ఎటు దిగునో, వేసవిలో ఎంత మిగులునో తెలిసినవాడే చెఱువుకు చోటు నిర్ణయించును. రంగు తాకకున్నను, ఇది నా దృష్టిలో ఈ సీమను గూర్చిన మొదటి సమగ్ర భూదృశ్యము. కడపలో సాలునకు సుమారు 700 మిల్లీమీటర్ల వాన కురియును. అది కొంత నైరృతిగాలితో, కొంత ఈశాన్యగాలితో వచ్చును. రెండింటిలో ఒకటి తప్పినను చెఱువు ఆ యేటిని మోయవలెను.

తరువాతి కథ క్లుప్తముగ చెప్పవచ్చును. ధాత కఱవు (1876–78) కర్నూలును, కడపను క్రుంగదీసెను. ఆ కఱవును గూర్చి లోకమునకు చేరినవి హూపరు తీసిన మద్రాసు ఛాయాచిత్రములు. అందు ఎముకలగూళ్లైన మనుష్యులు కలరు, భూమి లేదు. లేపాక్షి గోడవలె అచట కూడ నేల వట్టి నేపథ్యము. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభయందు చిలుకూరి నారాయణరావుగారు ‘దత్త’ శబ్దమును తొలగించి ‘రాయలసీమ’ యను పేరు సూచింపగా అది నిలిచినది. ఇచ్చివేయబడిన నేల యను పేరు తొలగినది. మోడుల నేల యను రూపము తొలగలేదు.

పరిశోధకునకు ఇందు ఆచరణీయమైన విషయ మొకటి కలదు. మాసము తెలియని పాతచిత్రము చేతికి వచ్చినపుడు మొదట కోటను గాక నీటిని, ఆకును చూడవలెను. ఏటిలో ఇసుక యెంత, చెఱువుగట్టున తడిగీత యెక్కడ, చింత తప్ప తక్కిన చెట్లకు ఆకు కలదా, చేను మోడుకాళ్లతోనున్నదా యని పరికించిన మాసమును ఇంచుమించుగ నిర్ణయింపవచ్చును. పిమ్మట ఆ గ్రామపు కైఫీయత్తును ప్రక్కన నుంచవలెను. కడపలోని సి. పి. బ్రౌన్ భాషాపరిశోధన కేంద్రము ఆ జిల్లా కైఫీయత్తులను సంపుటములుగ ప్రకటించియుండుటచే ఈ పని నేడు సులభము. అయితే ఒక జాగ్రత్త వలయును. సుంకేసులనుండి కడపవఱకు 1863–70 నడుమ త్రవ్వబడిన కాలువ పూర్వము లేని చోట వరిపచ్చను తెచ్చినది. మైలవరము, గండికోట జలాశయములు ఏర్పడిన తరువాత పెన్న ఆ భాగమున తన పాత ఋతుక్రమమును విడిచినది. కావున నేటి గండికోట లోయను చూచి పాతచిత్రపు మాసమును నిర్ణయింపరాదు.

శ్రీశైలము ఆనకట్ట వలన ముంపునకు గుఱియైన సంగమేశ్వరమున ఈ తాఱుమాఱు ఇంకను స్పష్టము. వానలు కురిసి జలాశయము నిండిన నెలలలో ఆ గుడి నీటి అడుగున నుండును. ఎండలు ముదిరి నీరు తగ్గినకొలది మొదట శిఖరము, పిదప గోడలు, కడపట గర్భాలయము బయటపడును. అర్చకులు బురద కడిగి పూజ లారంభింతురు. వానలు మరల పడినవెంట గుడి మునుగును. దానిని చిత్రింపగోరువాడు నేడును వేసవిలోనే పోవలెను.