తెరమీది దారి, ఆటగాడి చేయి: రేసింగ్ వీడియో గేముల చరిత్రలో వాస్తవికత

రేసింగ్ వీడియో గేముల చరిత్రను దృశ్య నాణ్యత చరిత్రగా చెప్పడం పరిపాటి. తెల్లని చుక్కలతో మొదలై, రంగుల బొమ్మలుగా మారి, త్రిమితీయ రూపం దాల్చి, చివరకు ఛాయాచిత్రమో కాదో పోల్చుకోలేని స్థితికి చేరిన ప్రయాణంగా దానిని వర్ణిస్తారు. ఈ క్రమం అసత్యం కాదు. అయితే 1986లో వచ్చిన 'ఔట్‌రన్'ను ఇప్పటికీ ఎందుకు వెతికి ఆడుతున్నారో, దానికంటే ఎన్నో రెట్లు స్పష్టమైన దృశ్యాలున్న గేములు కొద్దికాలానికే ఎందుకు మరుగున పడ్డాయో ఈ క్రమం వివరించలేదు. కాలానికి నిలిచిన గేములను పరిశీలిస్తే వాటి గొప్పతనం దృశ్యంలో కంటే, తెరమీది దారికీ ఆటగాడి చేతికీ మధ్య అవి ఏర్పరచిన సంబంధంలో ఉన్నట్లు తెలుస్తుంది.

చీకటిలో దాచిన దారి

అమెరికాలోని అటారి సంస్థ 1974లో 'గ్రాన్ ట్రాక్ 10' అనే యంత్రాన్ని విడుదల చేసింది. నాణెం వేసి నిలబడి ఆడే ఈ యంత్రంలో మైక్రోప్రాసెసర్ లేదు; విడివిడి తర్క వలయాలే పని నడిపించేవి. పందెపు బాట మొత్తం పైనుంచి చూసినట్లు ఒకే తెరపై కనిపించేది, కారు చిన్న మచ్చలా ఉండేది. కాని యంత్రానికి స్టీరింగ్ చక్రం, గేరు కడ్డీ, రెండు పెడళ్ళు అమర్చారు. అంటే ఈ గేముల్లో వాహనం రూపం కంటే వాహనం నడిపే పరికరాలు ముందు వచ్చాయి. రూపం కుదరడానికి మరికొన్నేళ్ళు పట్టింది.

1976లో అదే సంస్థ తెచ్చిన 'నైట్ డ్రైవర్' ఆటగాడిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టింది. జర్మనీ ఇంజనీరు రైనర్ ఫ్యోర్స్ట్ నిర్మించిన 'న్యూర్బుర్గ్‌రింగ్' యంత్రం దీనికి ప్రేరణ. దారిని, చెట్లను, ఆకాశాన్ని గీసే శక్తి అప్పటి నలుపు తెలుపు యంత్రానికి లేదు. కనుక రాత్రిని ఎంచుకున్నారు. చీకటి తెరపై రెండు వరుసల తెల్లని స్తంభాలు మాత్రమే ఎదురుగా వచ్చి పక్కలకు జారిపోతాయి. కారు బొమ్మను తెరమీద విడిగా అతికించారు. పోటీకి వేరే కార్లు లేవు. అర్ధరాత్రి రహదారిపై వాహనం నడిపినవారికి ఈ అనుభవం కొత్తది కాదు: అంచున మెరిసే గుర్తులను బట్టే దారి ఎటు తిరుగుతుందో ఊహించుకోవాలి. యంత్రం లోపమే ఇక్కడ ఆట నియమమైంది.

వంగని మలుపు

1982లో జపాన్ సంస్థ నామ్‌కో 'పోల్ పొజిషన్'ను తెచ్చింది. ఫూజీ స్పీడ్‌వే బాటను నేపథ్యంగా తీసుకుని, అసలు పందేనికి ముందు అర్హత చుట్టు పూర్తిచేయాలనే నియమం పెట్టింది. ఈ తరం గేములు దారిని గీసిన పద్ధతి ప్రత్యేకంగా గమనించదగినది. తెరపై బొమ్మ అడ్డగీతల వరుసగా ఏర్పడుతుంది. దగ్గరి గీతల్లో దారిని వెడల్పుగా, దూరపు గీతల్లో సన్నగా చూపితే లోతు వస్తుంది. ఒక్కో గీతను కొద్దికొద్దిగా పక్కకు జరిపితే మలుపు వస్తుంది. లేత, ముదురు రంగుల పట్టీలను కిందికి కదిలిస్తే వేగం వస్తుంది. నిజానికి కారు ఎటూ తిరగదు. మలుపు వచ్చినప్పుడు ప్రోగ్రాం కారును బయటి అంచు వైపు నెడుతుంది, ఆటగాడు స్టీరింగ్‌తో ఆ నెట్టుడును ఎదుర్కొంటాడు.

జ్యామితి ప్రకారం ఇది అబద్ధం. కాని మలుపులో కూర్చున్న మనిషి శరీరానికి తెలిసేది సరిగ్గా ఆ బయటివైపు లాగుడే. కంటికి చెప్పిన అబద్ధం చేతికి నిజమైంది.

ఈ పద్ధతి పరాకాష్ఠకు చేరింది సేగా సంస్థ ఔట్‌రన్‌లో. రూపకర్త యు సుజుకి దానికోసం ఐరోపాలో పర్యటించాడు. దానిని రేసింగ్ గేమ్‌గా కాక డ్రైవింగ్ గేమ్‌గా పేర్కొన్నాడు. ఆ భేదం మాటల్లోనిది మాత్రమే కాదు. ఇందులో మొదటి స్థానం, రెండో స్థానం అనేవి లేవు. ప్రత్యర్థి గడియారం ఒక్కటే. ప్రతి ఘట్టం చివర దారి రెండుగా చీలుతుంది. మొత్తం 15 ఘట్టాలున్నా ఒక ఆటలో అయిదింటినే దాటగలరు, ముగింపులు కూడా అయిదు. బయలుదేరే ముందు ఆటగాడు కారు రేడియోలో మూడు పాటల్లో ఒకటి ఎంచుకుంటాడు. ఖరీదైన నమూనాలో కూర్చున్న క్యాబినెట్టే మలుపులతో పాటు ఊగేది. వెళ్ళని దారి ఎప్పుడూ మిగిలి ఉండటమే ఈ గేమ్ మళ్ళీ మళ్ళీ పిలవడానికి కారణం.

ఎంపిక చేసుకున్న నిజం

1992లో సేగా 'వర్చువా రేసింగ్' బహుభుజులతో నిజమైన త్రిమితీయ దారిని నిర్మించింది. పాత గీతల మాయకు అక్కడితో అవసరం తీరింది. అదే ఏడాది నింటెండో 'సూపర్ మారియో కార్ట్' వాస్తవికత జోలికే పోలేదు. వెనుకబడినవారికి శక్తిమంతమైన వస్తువులిచ్చి, నైపుణ్యంలో తేడా ఉన్న ఇద్దరు ఒకే సోఫాలో కూర్చుని ఆడుకునే వీలు కల్పించింది.

1997 డిసెంబరులో కజునోరి యమౌచి బృందం ప్లేస్టేషన్‌కు 'గ్రాన్ టురిస్మో'ను అందించింది. 'నిజమైన డ్రైవింగ్ సిమ్యులేటర్' అని ఉపశీర్షికలోనే చాటుకున్న ఈ గేమ్‌లో కార్లు గోడను ఢీకొన్నా సొట్ట పడవు. ఇది వైరుధ్యంగా కనిపిస్తుంది. కాని దాని అసలు బలం లైసెన్సు పరీక్షల్లో ఉంది. మలుపుకు ముందు ఎక్కడ బ్రేకు వేయాలి, ఎక్కడ మళ్ళీ వేగం పెంచాలి అనే పాఠం నేర్వనిదే ఉన్నత పందేలు తెరుచుకోవు. కొద్దిపాటి డబ్బుతో పాత కారు కొనుక్కుని మొదలుపెట్టాలి. అంటే నిజమంతటినీ కాక, నేర్పదగిన నిజాన్నే యమౌచి ఎంచుకున్నాడు.

పాపిరస్ సంస్థ 1998లో తెచ్చిన 'గ్రాండ్ ప్రీ లెజెండ్స్' మరో కొస. అది 1967 ఫార్ములా వన్ సీజన్‌ను పునర్నిర్మించింది. నేలకు అదిమిపట్టే రెక్కలు అప్పటి కార్లకు లేవు, టైర్లు ఇట్టే జారేవి. మొదటి మలుపులోనే పల్టీ కొట్టించే ఈ గేమ్ వ్యాపారపరంగా విఫలమైంది. అయినా అనేక సంవత్సరాల పాటు దానికి కొత్త బాటలు, కార్లు చేర్చుతూ వచ్చిన అభిమాన సమూహం ఏర్పడింది. కాఠిన్యం కూడా ఒక ఆకర్షణే అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మీటల మీద వేళ్ళు

తెలుగు పట్టణాల్లో చాలామందికి ఈ గేములు స్టీరింగ్ చక్రంతో పరిచయం కాలేదు. 1990ల చివర, 2000ల తొలినాళ్ళలో ఇళ్ళలోని కంప్యూటర్ల ద్వారా, శిక్షణ కేంద్రాల ద్వారా, నెట్ సెంటర్ల ద్వారా 'రోడ్ రాష్', 'నీడ్ ఫర్ స్పీడ్' వచ్చాయి. అక్కడ స్టీరింగ్ అంటే కీబోర్డులోని బాణపు గుర్తు మీటలే. చక్రాన్ని సగం తిప్పవచ్చు. మీటను సగం నొక్కడం కుదరదు. అందువల్ల తట్టి వదలడం, మళ్ళీ తట్టడం అనే వేరే నైపుణ్యం పుట్టింది. రోడ్ రాష్ ఈ పరిమితికి చక్కగా ఇమిడింది. 1991లో సేగా జెనెసిస్ యంత్రానికి వచ్చి 1996లో విండోస్‌కు చేరిన ఆ గేమ్‌లో పక్క బైకువాణ్ణి తన్నవచ్చు, గొలుసుతో కొట్టవచ్చు, పోలీసుకు చిక్కవచ్చు. సియెర్రా నెవాడా, నాపా వ్యాలీ దారుల్లో ఎదురుగా దూసుకొచ్చే వాహనాలు మాత్రం ఇక్కడి ఆటగాళ్ళకు అంత పరాయివేమీ కావు.

ఆధారాల సమస్య

చేతికీ దారికీ మధ్య సంబంధమే ముఖ్యమైతే, ఈ చరిత్ర రాయడానికి ఆధారం ఏది? ఎమ్యులేటర్ ఔట్‌రన్ ప్రోగ్రాంను కాపాడుతుంది. ఊగే క్యాబినెట్‌ను కాపాడదు. ఆ కారు ఫెరారీ టెస్టరోసాను పోలినది కావడంతో తర్వాతి కొన్ని పునర్విడుదలల్లో దాని రూపాన్ని మార్చవలసి వచ్చింది. కొత్త గేముల పరిస్థితి ఇంకా విషమం. యూబీసాఫ్ట్ 2014లో విడుదల చేసిన 'ది క్రూ' ఒంటరిగా ఆడినా సంస్థ సర్వరుకు అనుసంధానం కావలసిందే. 2024 మార్చి 31న సర్వర్లు నిలిపివేయడంతో, కొన్నవారి చేతిలో ఉన్న డిస్కు కూడా నిరుపయోగమైంది. దానికి నిరసనగా ఆ ఏడాదే మొదలైన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమంలో భాగమైన ఐరోపా పౌర వినతిపత్రం 2025 జూలైలో పది లక్షల సంతకాలు దాటింది. 1974 నాటి యంత్రాన్ని మరమ్మతు చేసి ఆడవచ్చు. 2014 నాటి గేమ్‌ను దాని తయారీదారు ఇచ్చిన రూపంలో ఆడలేరు.

తెలుగు ప్రాంతాలకు సంబంధించిన ఆధారాలు యంత్రాల్లో కంటే మనుషుల్లో ఎక్కువగా ఉన్నాయి. అప్పటి నెట్ సెంటర్లను నడిపినవారు, గంట లెక్కన డబ్బు కట్టి ఆడినవారు, కీబోర్డులో ఏ మీట ముందుగా అరిగేదో చెప్పగలిగినవారు ఇప్పుడు నడివయసులో ఉన్నారు.