గ్రామీణ భూమి తొలి కొనుగోలు: పుదుచ్చేరి పరిసరాల్లో తెలుసుకోవలసిన విషయాలు

పుదుచ్చేరి: ఉద్యోగ, వ్యాపార, విద్యావసరాల నిమిత్తం పుదుచ్చేరి పట్టణంలో స్థిరపడిన కుటుంబాలకు శివారు పల్లెల్లో ఎకరమో అరెకరమో కొనుక్కోవాలన్న ఆలోచన కలగడం సహజం. అయితే పట్టణంలో ఇంటి స్థలం కొన్న అనుభవం పల్లెలో పొలం కొనేటప్పుడు అంతగా ఉపకరించదు. ఇంటి స్థలానికి ఆమోదం పొందిన లేఅవుటు, రోడ్డు, చుట్టూ ఇళ్లు ఉంటాయి. పొలానికి ఉండేవి గట్లు, తరతరాల కాగితాలు, ఇరుగుపొరుగు మాట. ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో చూసుకోవలసిన బాధ్యత మన దేశంలో ప్రధానంగా కొనుగోలుదారుపైనే ఉంది. పుదుచ్చేరి ప్రత్యేక చరిత్ర, భౌగోళిక స్వరూపం ఆ బాధ్యతను మరింత పెంచుతున్నాయి.

ఆ భూమి ఏ ప్రభుత్వం కిందిది?

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం నాలుగు ముక్కలుగా ఉంది. పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు పక్కన, మాహే కేరళ పక్కన, యానాం ఆంధ్రప్రదేశ్‌లో గోదావరి తీరాన ఉన్నాయి. సుమారు 290 చదరపు కిలోమీటర్ల పుదుచ్చేరి ప్రాంతం కూడా ఒకే చోట లేదు. ఫ్రెంచివారి కాలం నాటి హద్దుల వల్ల దాని గ్రామాలు తమిళనాడులోని విల్లుపురం, కడలూరు జిల్లాల గ్రామాల మధ్య చెల్లాచెదురుగా ఉన్నాయి. ఒకే దారిలో కొద్ది దూరం వెళ్లేసరికి పాలన మారిపోవచ్చు.

దీనికి ఆరోవిల్ మంచి ఉదాహరణ. 1968 ఫిబ్రవరి 28న ప్రారంభమైన ఈ అంతర్జాతీయ నగరం పుదుచ్చేరిలో ఉందని చాలామంది భావిస్తారు. నిజానికి దాని భూమిలో అధిక భాగం తమిళనాడులోని విల్లుపురం జిల్లా పరిధిలో ఉంది. “పాండిచ్చేరి దగ్గర పొలం” అన్న ప్రకటన చూసి వెళ్లినవారికి ఆ పొలం తమిళనాడు రెవెన్యూ రికార్డుల్లో కనిపించడం సాధారణం.

కాబట్టి ధర గురించి మాట్లాడకముందే గ్రామం పేరు, తాలూకా, సర్వే సంఖ్య, రిజిస్ట్రేషన్ జరిగే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం రాసి తీసుకోవాలి. స్టాంపు రుసుము, నిషేధిత భూముల జాబితా, కౌలు చట్టం, భవన నిర్మాణ అనుమతి అన్నీ ఈ సమాధానాన్ని బట్టే మారతాయి. యానాం సరిహద్దులో కొనేవారికీ ఇదే వర్తిస్తుంది. గట్టుకు ఒకవైపు పుదుచ్చేరి చట్టం ఉంటే, మరోవైపు ఆంధ్రప్రదేశ్ చట్టం ఉంటుంది.

తెలిసిన మాట, వేరే అర్థం

తమిళ ప్రాంతపు భూమి పత్రాల్లో తెలుగువారికి పరిచయమైన మాటలు ఎన్నో కనిపిస్తాయి. ఆ పరిచయమే కొన్నిసార్లు పొరపాటుకు దారితీస్తుంది.

పట్టా: తమిళనాడు, పుదుచ్చేరిలలో పట్టా అంటే భూమి ఎవరి పేరిట ఉందో తెలిపే రెవెన్యూ పత్రం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో ఈ మాటను సొంత పట్టా భూమికీ వాడతారు, ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డి-ఫారం పట్టాకూ వాడతారు. మొదటిదాన్ని అమ్మవచ్చు. రెండోదానిపై చట్టపరమైన ఆంక్షలున్నాయి.

చిట్టా, అడంగల్: తమిళనాడులో చిట్టా యజమాని పేరును, భూమి రకాన్ని తెలుపుతుంది. అడంగల్ సాగు వివరాలను తెలుపుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వీటికి సమానంగా 1-బి, అడంగల్ ఉన్నాయి. తెలంగాణలో అడంగల్‌నే పహాణీ అంటారు.

నంజై, పుంజై: మన మాగాణి, మెట్ట. తెలంగాణలో తరి, ఖుష్కి.

నత్తం: గ్రామకంఠం. పోరంబోకు అన్న మాట మాత్రం రెండు భాషల్లోనూ ఒకే అర్థంలో ఉంది. అది ప్రభుత్వ భూమి.

విల్లంగ సాన్రిదళ్: మనం ఈసీ అని పిలిచే పత్రం. భూమిపై నమోదైన అమ్మకాలు, తనఖాలు, ఇతర లావాదేవీలు ఇందులో కనిపిస్తాయి. రిజిస్టరు కాని ఒప్పందాలు, నోటిమాట కౌలు, కోర్టులో నడుస్తున్న కుటుంబ తగాదా ఇందులో కనిపించకపోవచ్చు.

పుదుచ్చేరి దస్తావేజుల్లో రీసర్వే సంఖ్య, పట్టా సంఖ్యలతో పాటు కెడాస్టర్ సంఖ్య కూడా ఉంటుంది. ఇది ఫ్రెంచి భూ నమోదు విధానం నుంచి వచ్చింది. పాత, కొత్త సంఖ్యలు ఒకే భూమిని సూచిస్తున్నాయని సర్వే శాఖ రికార్డులతో సరిచూడాలి.

కొలతలోనూ తేడా

పుదుచ్చేరి రికార్డులు హెక్టార్లు, ఆర్లు, సెంటియార్లలో ఉంటాయి. ఒక హెక్టారు 100 ఆర్లు, అంటే సుమారు 2.47 ఎకరాలు. ఒక ఆరు సుమారు రెండున్నర సెంట్లు. వాడుకలో కుళి, వీసం కూడా ఉన్నాయి. పుదుచ్చేరి కుళి 576 చదరపు అడుగులు. అందులో పదహారో వంతు వీసం. తెలుగు లెక్కల్లోనూ వీసమంటే పదహారో వంతే. కానీ తమిళనాడులోని కొన్ని జిల్లాల్లో కుళి అంటే 144 చదరపు అడుగులే. కుళి లెక్కన ధర మాట్లాడుకున్నప్పుడు అది ఏ కుళి అన్నది తేల్చుకోకపోతే విస్తీర్ణం నాలుగో వంతుకు తగ్గిపోవచ్చు. అన్ని కొలతలనూ చదరపు మీటర్లలోకి మార్చి, ఆ సంఖ్యనే ఒప్పందంలో రాయించడం క్షేమం.

రిజిస్ట్రేషన్ ఏమి చేస్తుంది, ఏమి చేయదు

రిజిస్ట్రేషన్ జరిగితే హక్కు ఖాయమైనట్లే అన్న నమ్మకం విస్తృతంగా ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్‌రిజిస్ట్రారు నమోదు చేసేది దస్తావేజును మాత్రమే. అమ్మేవారికి నిజంగా హక్కు ఉందా అని తేల్చడం ఆయన విధి కాదు. అమ్మేవారు హక్కు పత్రాలు చూపకపోతే రిజిస్ట్రేషన్ నిరాకరించవచ్చంటూ తమిళనాడు తెచ్చిన 55-ఎ(1) నిబంధన చెల్లదని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. రెవెన్యూ రికార్డుల్లో పేరు మారడం కూడా దానంతటదే యాజమాన్యాన్ని ఇవ్వదని న్యాయస్థానాలు పలుమార్లు స్పష్టం చేశాయి.

పుదుచ్చేరి పట్టణంలోని కామాక్షి అమ్మన్ ఆలయానికి చెందిన రెయిన్‌బో నగర్ భూమి వ్యవహారం ఇందుకు తార్కాణం. నకిలీ పత్రాలతో ఆలయ భూమి చేతులు మారిందన్న ఆరోపణపై సీబీ-సీఐడీ దర్యాప్తు జరిపింది. 2023లో రిజిస్ట్రేషన్, భూ రికార్డుల అధికారులు సైతం అరెస్టయ్యారు. పట్టణం నడిబొడ్డున ఉన్న భూమికే ఈ పరిస్థితి ఎదురైనప్పుడు, యజమాని ఏడాదికోసారి వచ్చిపోయే పొలం విషయంలో ఎంత అప్రమత్తత అవసరమో ఊహించవచ్చు.

అందువల్ల కనీసం 30 ఏళ్ల లింకు దస్తావేజులను వరుసగా పరిశీలించాలి. ఫ్రెంచి పాలన 1954 నవంబరు 1న ముగిసినా, 1962 ఆగస్టు 16న అధికారిక విలీనం జరిగే వరకూ, ఆ తరువాత కొంతకాలమూ పాత చట్టాలు కొనసాగాయి. ఆ కాలపు దస్తావేజులు నోటేర్ అనే ఫ్రెంచి న్యాయాధికారి సమక్షంలో, తరచూ ఫ్రెంచి భాషలో రాసినవి. నేటి నోటరీ ఆ నోటేర్‌కు సమానం కాదు. నోటరీ ముద్ర ఉన్న ఒప్పందంతో భూమి బదిలీ కాదు.

అమ్ముతున్నది ఎవరు?

పట్టాలో ఒకరి పేరే ఉన్నా హక్కుదారులు పలువురు ఉండవచ్చు. హిందూ వారసత్వ చట్టానికి 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన సవరణ ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు కుమారులతో సమాన హక్కు ఇచ్చింది. ఆ తేదీ నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. పెళ్లై దూరాన ఉన్న ఆడపడుచుల సంతకాలు లేకుండా అన్నదమ్ములు మాత్రమే అమ్మిన పిత్రార్జిత భూమిపై ఆ తరువాత వ్యాజ్యం వచ్చే ప్రమాదం ఉంది.

మైనరు వాటా ఉంటే 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం కోర్టు ముందస్తు అనుమతి కావాలి. లేకుంటే ఆ మైనరు పెద్దయ్యాక అమ్మకాన్ని సవాలు చేయవచ్చు.

పుదుచ్చేరిలో మరో ప్రత్యేక వర్గం రెనోన్సాంట్లు. 1881 నాటి ఫ్రెంచి శాసనం కింద తమ వ్యక్తిగత ధర్మశాస్త్రాన్ని వదులుకుని ఫ్రెంచి పౌర స్మృతిని స్వీకరించిన కుటుంబాలవి. వారికి హిందూ వారసత్వ చట్టం వర్తించదు. ఫ్రెంచి స్మృతి ప్రకారం సంతానానికి తప్పనిసరి వాటా ఉంటుంది. అమ్మేవారు ఈ వర్గానికి చెందినవారైతే స్థానిక న్యాయవాది సలహా తప్పనిసరి.

యజమాని బదులు ఏజెంటు వస్తే, రిజిస్టరైన పవర్ ఆఫ్ అటార్నీ ఉందా, యజమాని జీవించి ఉన్నారా అన్నవి చూడాలి. సాధారణంగా యజమాని మరణంతోనే ఆ అధికారం ముగుస్తుంది. కేవలం జీపీఏ ఆధారంగా జరిగే అమ్మకం యాజమాన్యాన్ని బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది.

దూరంగా ఉంచవలసిన భూములు

తమిళనాడులో పంచమీ భూములు 1892 నుంచి దళితులకు కేటాయించినవి. ఇతరులు కొంటే ఆ అమ్మకం చెల్లదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అసైన్డ్ భూముల బదిలీని 1977 నాటి చట్టం నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2023లో దాన్ని సవరించి, కొన్ని షరతులతో 20 ఏళ్లు దాటిన భూములకు సడలింపు ఇచ్చింది. ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీ నిషిద్ధం. ఆలయ, వక్ఫ్ భూములు, చెరువు శిఖం, వాగు పోరంబోకు ఎక్కడైనా ఇబ్బందే.

పొలాన్ని ముక్కలు చేసి ఫ్లాట్లుగా అమ్మే పద్ధతి మరో ఉచ్చు. తమిళనాడులో అనుమతి లేని లేఅవుట్ల స్థలాల రిజిస్ట్రేషన్‌ను మద్రాసు హైకోర్టు 2016 సెప్టెంబరులో నిలిపివేసింది. తరువాత క్రమబద్ధీకరణ నిబంధనలు వచ్చాయి. ఇల్లు కట్టే ఉద్దేశం ఉంటే, భూ వినియోగ మార్పిడి సాధ్యమేనా అన్నది కొనకముందే పట్టణ, గ్రామీణ ప్రణాళిక అధికారుల వద్ద తెలుసుకోవాలి. సముద్రానికి, ఉప్పుటేరుకు దగ్గరైతే తీర నియంత్రణ మండలి నిబంధనలు కూడా వర్తిస్తాయి.

ఎవరు కొనవచ్చు?

మహారాష్ట్ర, గుజరాత్, హిమాచల్ ప్రదేశ్‌లలో రైతులు కానివారు సాగుభూమి కొనడంపై ఆంక్షలున్నాయి. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అటువంటి నియమం లేదు. భూ గరిష్ఠ పరిమితి చట్టాలు మాత్రం ఉన్నాయి. పుదుచ్చేరిలో ఆ చట్టం 1973 నాటిది. ప్రవాస భారతీయులు, ఓసీఐ కార్డుదారులు ఇళ్లు కొనవచ్చు గానీ సాగుభూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి విదేశీ మారకద్రవ్య నిబంధనలు అనుమతించవు. వారసత్వంగా పొందవచ్చు. ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాలు గణనీయంగా ఉన్న పుదుచ్చేరిలో ఈ నియమం తరచూ ఎదురవుతుంది. విదేశాల్లోని బిడ్డ పంపిన డబ్బుతో తల్లిదండ్రులు కొనేటప్పుడు ఎవరి పేరిట కొంటున్నారన్నది ముందే ఆలోచించుకోవాలి.

పొలంలో నిలబడి చూడవలసినవి

సర్వేయరుతో హద్దులు కొలిపించి, క్షేత్ర కొలతల నక్షాతో సరిచూడాలి. పొలానికి దారి రికార్డులో ఉందా, లేక పక్క రైతు మంచితనం మీద నడుస్తోందా అన్నది అడగాలి. పొరుగు గట్టువారితో మాట్లాడితే కాగితం చెప్పని సంగతులు ఎన్నో తెలుస్తాయి.

భూమిని ప్రస్తుతం ఎవరు సాగు చేస్తున్నారు? కౌలుదారు ఉంటే పుదుచ్చేరిలో 1970 నాటి, తమిళనాడులో 1955 నాటి సాగు కౌలుదారుల రక్షణ చట్టాలు వారికి భద్రత కల్పిస్తున్నాయి. ఇది కొనేవారి సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, సాగు చేస్తున్న కుటుంబపు బతుకుదెరువు కూడా.

తీరానికి దగ్గరైన పొలాల్లో భూగర్భజలం ఉప్పదనాన్ని పరీక్ష చేయించాలి. కొత్త బోరుకు అనుమతి అవసరం. పుదుచ్చేరిలో భూగర్భజల నియంత్రణ చట్టం 2002 నుంచి ఉంది.

చెల్లింపు, ఆ తరువాత

బయానా ఇచ్చే ముందే న్యాయవాది లిఖితపూర్వక అభిప్రాయం తీసుకోవాలి. వీలైతే స్థానిక పత్రికలో ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు కోరాలి. తమిళనాడులో 2012 డిసెంబరు 1 నుంచి విక్రయ ఒప్పందాన్ని కూడా రిజిస్టరు చేయించాలి. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా స్వీకరించడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తోంది. బ్యాంకు ద్వారా చెల్లిస్తే రుజువు మిగులుతుంది. తమిళనాడులో అమ్మకపు దస్తావేజుకు 7 శాతం స్టాంపు రుసుము, 2023 మార్చి 30 నుంచి 2 శాతం రిజిస్ట్రేషన్ రుసుము చెల్లించాలి. ఇతర చోట్ల రేట్లు వేరు. ఈ ఖర్చును మొదటి లెక్కలోనే కలుపుకోవాలి.

దస్తావేజు తమిళంలో ఉంటే, ప్రతి పంక్తినీ తెలిసిన భాషలో చదివించుకుని అర్థం చేసుకున్న తరువాతే సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ ముందు రోజు మరోసారి ఈసీ తీసుకోవడం మంచిది. రిజిస్ట్రేషన్ పూర్తయ్యాక పట్టా మార్పిడికి దరఖాస్తు చేసి, భూమిని స్వాధీనం చేసుకుని, హద్దురాళ్లు పాతించి, భూమిశిస్తు రసీదు తమ పేరిట పొందాలి. దూరాన ఉండేవారు ఏటా ఒకసారైనా ఈసీ, పట్టా పరిశీలించి పొలం చూసి రావాలి.

ఇవన్నీ పూర్తి కావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. “రేపటికల్లా బయానా ఇవ్వకపోతే వేరేవాళ్లు కొనేస్తారు” అన్న ఒత్తిడి వస్తే, ఆ వారాల గడువు ఇవ్వడానికి అమ్మేవారు ఎందుకు సిద్ధంగా లేరన్నది ముందుగా తెలుసుకోవాలి.