గద్దె దిగి కిటికీ ఎక్కిన మొక్క

తెలంగాణ పాత భవంతి ఇళ్లలో తులసి గద్దెను కూడా మేస్త్రీయే కట్టేవాడు. ఇంటికి వాడిన రాయీ సున్నమే దానికీ. మిగతా చెట్లు పెరట్లో నేలలోనే పెరిగేవి కాబట్టి మొక్క ఎవరి నెత్తిన పడుతుందోనన్న భయం లేదు. శంషాబాద్ పరిసరాల్లో 2008 మార్చిలో విమానాశ్రయం మొదలయ్యాక అద్దె వాటాల కోసం ఇళ్లు అంతస్తులెత్తాయి. వాకిలి పార్కింగుకు పోయింది, పెరడు పక్క ప్లాటు గోడ దాకా కుదించుకుపోయింది. మొక్క మీద మమకారం మాత్రం పోలేదు. అది కుండీలో మేడెక్కి కిటికీ అంచున, సజ్జ మీద, పిట్టగోడ మీద కూర్చుంది. మొక్క పైకి వెళ్లింది కానీ దాన్ని కదలకుండా పట్టి ఉంచే కట్టుబడి వెంట రాలేదు. అందుకే కుండీ జారిపడితే ఇంట్లోవాళ్ల అజాగ్రత్త కంటే ముందు ఇల్లు కట్టిన తీరును తప్పుపట్టాలంటాను.

సజ్జనే చూడండి. ఎండా వానా కిటికీలోకి కొట్టకుండా గోడలోంచి బయటికి చాచిన పలచటి స్లాబు అది. వాన నీరు జారిపోవాలని వాలు కూడా ఇస్తారు. ఆ వాలు మీదే కుండీలు పెడుతున్నాం. రోజూ పోసే నీళ్లు సన్నటి పగుళ్లలోకి దిగి లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తాయి. దొంగల భయంతో బిగించిన గ్రిల్లు అనుకోకుండా కుండీలకు ఆసరా అయింది గానీ, గోడకు సమంగా బిగిస్తే కుండీ దాని బయటే ఉండిపోతుంది. ఇక ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలిదుమారాలు, పిట్టగోడలెక్కే కోతులు ఈ ప్రాంతానికి కొత్తవేం కావు.

ఇక్కడివి ఆకాశహర్మ్యాలు కావు కదా, ఇంత భయమెందుకని అడగవచ్చు. నిజమే. హైదరాబాద్ జంట జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో శంషాబాద్ మండలంలోని పలు గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. విమానాల రాకపోకల కోసం ఎత్తు మీద ఆంక్షలు వేరే ఉన్నాయి. కానీ పది మీటర్ల ఎత్తు నుంచి పడిన కుండీ నేలను చేరేసరికి గంటకు సుమారు 50 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. తడి మట్టితో నిండిన పెద్ద కుండీ ఒక మనిషి ప్రాణం తీయడానికి ఆ ఎత్తు చాలు.

ఇన్నాళ్లుగా ఏమీ పడలేదు కదా అన్న మాటకు రోమన్లు ఎప్పుడో జవాబిచ్చారు. జనం నడిచే దారి మీదికి చూరు నుంచో సజ్జ నుంచో పడి హాని చేయగల వస్తువు పెడితే చాలు, అది పడకపోయినా జరిమానా వేసేవారు. 533లో జస్టినియన్ వెలువరించిన ధర్మశాస్త్ర సంకలనంలో ఆ నియమం ఉంది. మన భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కూడా నిర్లక్ష్యంతో ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చే పనిని, హాని జరగకముందే నేరంగా చూస్తుంది.

అలాగని కుండీలను నిషేధించమనడం నాకు సమ్మతం కాదు. నేల పోగొట్టుకున్న ఇంటికి ఆ కాస్త పచ్చదనమైనా దక్కాలి. గోడకు మేకు కొట్టాలన్నా అనుమతి అడగాల్సిన కిరాయిదారు మీద భారమంతా మోపడం న్యాయం కాదు. కిటికీ గ్రిల్లును పెట్టెలా బయటికి తీసి, కింద ఇనుప పట్టీల అర, ముందు కుండీ సగం ఎత్తుకు వచ్చే అడ్డకమ్మీ పెట్టించి, దాన్ని గోడలోకి గట్టిగా దిగగొట్టించడం ఇంటి యజమాని పని. కొబ్బరి పొట్టు కలిపి మట్టి బరువు తగ్గించడం, కుండీ మెడను తీగతో గ్రిల్లుకు కట్టడం, తుప్పు పట్టిన తీగను వానాకాలానికి ముందే మార్చడం కిరాయిదారు చేసుకోగలడు.